తుపాకీకి ఎదుటి వైపు నుంచి

ఆరు రోజుల తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. రెండింటిదీ ఒకే ఊరు, ఇంచుమించు ఒకే కాలం. ఒకటి బతికి గెలిచినవాళ్ల కథ. రెండోది, నమ్ముకున్నవాళ్ల చేతిలోనే ప్రాణం పోగొట్టుకున్న ఒక అమ్మాయి కథ. వరంగల్ నెత్తుటి రోజులను తెలుగు సినిమా ఎవరి పక్కన నిలబడి చూస్తోంది?

‘విరాటపర్వం’ సినిమా 1973లో ఒక పురుడుతో మొదలవుతుంది. నెలలు నిండిన ఆడమనిషి. నొప్పులు మొదలయ్యాయి. దారిలో పోలీసులకూ నక్సలైట్లకూ మధ్య కాల్పులు. ముందుకు పోలేరు, వెనక్కి మళ్లలేరు. దళంలో ఉన్న ఒక యువ వైద్యురాలు తుపాకీ పక్కన పెట్టి ఆ తల్లికి పురుడు పోస్తుంది. పుట్టిన పాపకు వెన్నెల అని తానే పేరు పెడుతుంది. అంతలోనే తూటా తగిలి ఒరిగిపోతుంది. ఆ వైద్యురాలిగా నివేదా పేతురాజ్ తెర మీద కనిపించేది కాసేపే. ఆ కాసేపట్లోనే దర్శకుడు వేణు ఊడుగుల చెప్పదలుచుకున్నదంతా ఉంది. ఈ నేల మీద పుట్టుక కూడా కాల్పుల మధ్యనే జరిగింది. పురుడు పోసిన చెయ్యీ మిగల్లేదు.

ఆ పాప పెరిగి సాయిపల్లవి అవుతుంది. ‘అరణ్య’ అనే కలం పేరుతో వచ్చిన కవిత్వం చదివి, ఆ కవి మీద ప్రేమ పెంచుకుంటుంది. ఆ కవి దళనాయకుడు రవన్న, అంటే రానా. కృష్ణుడి కోసం మీరాబాయి అన్నీ వదులుకున్నట్టు తానూ వదులుకుని, ఇల్లూ ఊరూ దాటి అతన్ని వెతుక్కుంటూ అడవికి పోతుంది. ఆ దళంలోనే చేరుతుంది. చివరికి పోలీసుల మనిషన్న అనుమానంతో ఆ దళమే ఆమెను చంపుతుంది. 2022 జూన్ 17న థియేటర్లకు వచ్చిన ఈ సినిమాకు మూలం నిజంగా జరిగిన సంఘటన. సరళ అనే యువతి ఉద్యమాన్ని నమ్మి అడవికి పోయింది. 1992లో ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో నక్సలైట్ల చేతిలో హతమైంది. సినిమా విడుదలకు ముందు చిత్రబృందం ఆమె కుటుంబాన్ని కలిసింది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ ఇంటి గడప తొక్కి, మీ బిడ్డ కథ తెరకెక్కించామని చెప్పడానికి ఒక సినిమా వాళ్లు రావడం చిన్న విషయమని నేననుకోను.

సరిగ్గా ఆరు రోజులకు, జూన్ 23న, రాంగోపాల్ వర్మ ‘కొండా’ వచ్చింది. వరంగల్ రాజకీయాల్లో అందరికీ తెలిసిన కొండా మురళి, సురేఖ దంపతుల జీవితమే దాని ఇతివృత్తం. వాళ్ల కూతురే నిర్మాత. త్రిగుణ్, ఇర్రా మోర్ ప్రధాన పాత్రలు వేశారు. కాలేజీ రోజుల గొడవలు, నక్సలైట్లతో పరిచయాలు, ప్రత్యర్థులు, దాడులు, ఎన్నికలు. బతికి బట్టకట్టి గెలిచి నిలిచిన మనుషుల కథ అది. వాళ్ల కథ వాళ్లు చెప్పుకునే హక్కు వాళ్లకుంది. అయితే రెండు సినిమాలనూ వెంటవెంటనే చూస్తే ఒక తేడా మనసును వదలదు. ‘కొండా’లో కెమెరా ఆయుధం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల భుజం మీది నుంచి చూస్తుంది. ‘విరాటపర్వం’లో కెమెరా ఆ ఆయుధం ఎవరి వైపు తిరిగిందో వాళ్ల పక్కన నిలబడుతుంది. వరంగల్ మీద సినిమా తీసేవాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఈ రెండో చోటు గురించే.

చెరువులు, తోరణాలు, తూటాలు

కొత్తగా వచ్చినవాళ్లకు వరంగల్ అందమైన ఊరు. కోట మధ్యలో రాతి తోరణాలు, భద్రకాళి చెరువు గట్టు, హనుమకొండలో వేయిస్తంభాల గుడి. ములుగు దారి పట్టుకుంటే 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి వస్తుంది. 2021లో దాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాని పక్కనే రామప్ప చెరువు, కాస్త అవతల లక్నవరం, నర్సంపేట వైపు పాకాల. ఎనిమిది వందల ఏళ్ల కింద కాకతీయులు తవ్వించిన చెరువులు ఇవాళ్టికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. ఏటూరునాగారం అడవి దాటితే గోదావరి. ఆదివారం వస్తే లక్నవరం వేలాడే వంతెన మీద అడుగు పెట్టే సందుండదు.

ఇదే దారిలో, ఇవే ఊళ్లలో, ఒక తరం రాత్రి పూట తలుపు చప్పుడైతే ఊపిరి బిగబట్టి బతికింది. పగలు పోలీసులొచ్చి అన్నలకు, అంటే నక్సలైట్లకు, అన్నమెందుకు పెట్టారని కొట్టేవాళ్లు. రాత్రి అన్నలొచ్చి పోలీసులకు ఏం చెప్పారని నిలదీసేవాళ్లు. ఎవరింటి పిల్లగాడైనా కొన్నాళ్లు కనిపించకపోతే ‘లోపలికి పోయిండు’ అని గుసగుసగా చెప్పుకునేవాళ్లు. ఎన్నో ఇళ్లలో ఆ పిల్లగాడి ఫొటో గోడ మీదికి ఎక్కడానికి పెద్దగా కాలం పట్టలేదు.

ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డది కాదు. ఇప్పటి జనగామ జిల్లా కడవెండిలో 1946 జులై 4న దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అక్కడికి దగ్గరలోనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ చెయ్యి పడనివ్వలేదు. అలా రగిలిన తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ముగిసింది. వెట్టి, దొరతనం, భూమి గొడవలు మాత్రం ముగియలేదు. డెబ్బైల నాటికి ఆ కోపం ఊళ్లలోంచి కాలేజీలకు చేరింది. వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ)లో చదివే సూరపనేని జనార్దన్ 1975లో గిరాయిపల్లి అడవిలో కాల్చివేతకు గురయ్యాడు. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ. సీకేఎం కాలేజీలో వరవరరావు పాఠాలు చెబుతూ ‘సృజన’ పత్రిక నడిపారు. కాకతీయ యూనివర్సిటీ గోడల మీద నినాదాలు, హాస్టల్ గదుల్లో రాత్రంతా చర్చలు. సర్టిఫికెట్లు పెట్టెలో వదిలేసి అడవిలోకి నడిచిపోయిన పిల్లలు ఒకరూ ఇద్దరూ కాదు. ‘విరాటపర్వం’లో వెన్నెల ఒక కవిత్వ పుస్తకం పట్టుకుని ఇల్లు దాటిందంటే బయటివాళ్లకు అది సినిమా కల్పనలా అనిపించవచ్చు. వరంగల్‌లో అది నిజం. పుస్తకం చదివి ప్రాణం ఇచ్చిన వాళ్లున్న ఊరు ఇది.

1989 చివర్లో చెన్నారెడ్డి ప్రభుత్వం వచ్చాక నక్సలైట్లపై ఆంక్షలు కాస్త సడలాయి. 1990 మేలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం సభ పెడితే లక్షల మంది వచ్చారు. ఊళ్లకు ఊళ్లు లారీల్లో, ట్రాక్టర్లలో, నడుచుకుంటూ కదిలాయి. రెండేళ్లు తిరిగేసరికి, 1992 మేలో, నేదురుమల్లి జనార్దన రెడ్డి ప్రభుత్వం నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌ను నిషేధించింది. ఆ రెండు మే నెలల మధ్యా, ఆ తర్వాతా జరిగినదే ‘విరాటపర్వం’ కథాకాలం. కూంబింగులు, ఎన్‌కౌంటర్లు, లొంగుబాట్లు. లొంగిపోయినవాళ్లను మళ్లీ దళాల్లోకి పంపి లోపలి నుంచే దెబ్బ తీయించిన కోవర్టు ఆపరేషన్లు. పక్కన పడుకున్న మనిషిని నమ్మాలో వద్దో తెలియని రాత్రులు. సరళ అడవిలోకి పోయింది ఆ రాత్రుల్లోకే.

ఇంకా తెరకెక్కని ఒక క్లినిక్

ఆ కాలపు వరంగల్ గురించి ఎవరు సినిమా తీస్తామన్నా నేను ముందుగా ఒక పిల్లల డాక్టరు పేరు చెబుతాను. డాక్టర్ రామనాథం. పిల్లల వైద్యుడు, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. ఎన్‌కౌంటర్ జరిగిందని తెలిస్తే ఆ ఊరికి పోయి నిజానిజాలు రాసుకొచ్చే మనిషి.

1985 సెప్టెంబర్ 2న కాజీపేట రైల్వే స్టేషన్‌లో నక్సలైట్లు ఒక సబ్ ఇన్‌స్పెక్టర్‌ను కాల్చి చంపారు. మరునాడు అతని శవయాత్ర ఊరేగింపుగా సాగింది. ముందూ వెనకా పోలీసులే. ఆ ఊరేగింపులోంచి కొందరు రామనాథం క్లినిక్‌లోకి చొరబడ్డారు. ఆయన ఆ వేళ పిల్లలను చూస్తున్నారు. ఆ పిల్లల ముందు, వాళ్ల తల్లుల ముందు ఆయన్ను కాల్చి చంపారు.

ఆ గదిని ఒక్కసారి మనసులో నిలుపుకోండి. పిల్లల డాక్టరు గది ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. బల్ల మీద స్టెతస్కోపు, రాసిచ్చిన మందు చీటీలు, జ్వరంతో తల్లి భుజం మీద వాలిన బిడ్డ, బయట బెంచీ మీద తమ వంతు కోసం చూసే నలుగురు. బయట రోడ్డు మీద భర్తను పోగొట్టుకున్న ఒక ఆడమనిషి ఏడుపు. లోపల క్షణంలో ఇంకొక ఇల్లు కూలిపోయింది. ఆ శవయాత్రలోని మనిషీ ఎవరో కన్న కొడుకే. ఆ రెండు ఇళ్ల దుఃఖాన్ని ఒకే సినిమాలో పట్టుకోగల దర్శకుడు వస్తే వరంగల్ గురించి ప్రపంచానికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కూడా ఈ ఊరు ఆగలేదు. 1991 డిసెంబర్‌లో పౌరహక్కుల సంఘంలో పనిచేసే న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డిని చంపారు. అంతకు ముందు ఏడాది, 1990 అక్టోబర్‌లో, చర్లపల్లి దగ్గర కాకతీయ ప్యాసింజర్ రైలు బోగీకి నిప్పు పెడితే నలభై మందికి పైగా సజీవ దహనమయ్యారు. ఆ నిప్పు పెట్టింది పీపుల్స్‌వార్ సానుభూతిపరులు. ఆ బోగీలో ఉన్నది దొరలూ కాదు, మంత్రులూ కాదు. పొట్ట చేత పట్టుకుని పట్నం బయలుదేరిన మామూలు జనం. మన సినిమాలు ఆ బోగీ దగ్గరికి కూడా ఇంకా పోలేదు.

తెలుగు తెర మీద ఎర్ర రంగు

మనకు ఈ సినిమాలు కొత్త కాదు. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ తీసిన నాటి నుంచీ తెలంగాణ పోరాటం తెర మీద ఉంది. బి.నర్సింగరావు నిర్మించిన ఆ సినిమాలో తుపాకీ పట్టిన పేద యువకుడు రామయ్య వేషం వేసింది సాయిచంద్. నలభై ఏళ్ల తర్వాత అదే సాయిచంద్ ‘విరాటపర్వం’లో వెన్నెల తండ్రి. కావాలని చేశారో, కాకతాళీయమో గానీ, నాకు ఈ సినిమాలో అన్నిటికంటే బలంగా తగిలింది అదే. ఒకప్పుడు కొడుకు వయసులో పోరుకు లేచిన ముఖం, ఇప్పుడు ముడతలు పడి, అడవిలోకి పోయిన కూతురి కోసం వెతుకుతోంది. ఒక తరం ఆశ ఇంకో తరానికి ఎంత ఖరీదు పడిందో ఆ ఒక్క ముఖంలో చదువుకోవచ్చు.

‘మా భూమి’ తర్వాత ఆర్.నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’, ‘ఎర్రసైన్యం’, ‘చీమలదండు’లతో ఊళ్లను ఊపేశారు. 1997లో దాసరి ‘ఒసేయ్ రాములమ్మ’లో విజయశాంతి గొంగడి కప్పుకుని నిలబడితే థియేటర్లు దద్దరిల్లాయి. ఆ సినిమాల్లో ఆవేశం నిజమైనదే. దొర చేతిలో చావుదెబ్బలు తిన్న జనానికి దొర ఓడిపోవడం తెర మీదైనా చూడాలన్న ఆకలి ఉండేది. కానీ ఆ సినిమాల్లో తుపాకీ పట్టాక ఎవరికీ సందేహం రాదు, ఎవరూ తప్పు చేయరు.

సందేహపడ్డ సినిమాలు రెండున్నాయి. వాటిని ఇవాళ్టి పిల్లలు తప్పకుండా చూడాలి. ఒకటి సి.ఉమామహేశ్వరరావు ‘అంకురం’. 1992కు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. రైలు ప్రయాణంలో ఒక పసికందు రేవతి చేతికొస్తుంది. ఆ బిడ్డను తెచ్చిన మనిషి ఓంపురి పోలీసుల చేతికి చిక్కుతాడు. ఆ బిడ్డ ఎవరి బిడ్డో తెలుసుకోవాలని ఒక మామూలు ఇల్లాలు ఇంట్లోవాళ్లను ఎదిరించి బయలుదేరుతుంది. ఆమెకు సిద్ధాంతాలు తెలియవు, తుపాకీ పట్టడం తెలియదు. ఒక పసిబిడ్డ తల్లిదండ్రులు ఎక్కడ అన్న ఒకే ప్రశ్న పట్టుకుని పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంది. రెండోది కృష్ణవంశీ ‘సింధూరం’. పోలీసు ఉద్యోగానికి సిద్ధమైన యువకుడు పోలీసుల దౌర్జన్యం వల్లే అడవి బాట పడతాడు. ఇరుపక్కలా చస్తున్నది ఒకే ఊరి పిల్లలేనని ఆ సినిమా గట్టిగానే చెప్పింది.

వర్మ దారి మొదటి నుంచీ వేరు. ‘శివ’లో సైకిల్ చైన్ నుంచి ‘రక్తచరిత్ర’, ‘వంగవీటి’, ‘కొండా’ దాకా ఆయన కెమెరా కత్తి పట్టిన మనిషి కళ్లలోకే చూస్తుంది. పగ ఎలా పుడుతుందో ఆయనంత బాగా చూపినవాళ్లు తక్కువ. పగ తగిలిన ఇంట్లో తెల్లవారి ఏం జరుగుతుందో మాత్రం ఆయన చూపించరు. రాయలసీమ ఫ్యాక్షన్ పేరుతో 1999 తర్వాత వచ్చిన సినిమాల్లో గాల్లోకి లేచిన సుమోలను లెక్కపెట్టలేం. భర్తను పోగొట్టుకున్న భార్యల గొంతు బలంగా వినడానికి 2018లో ‘అరవింద సమేత’ దాకా ఆగాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు చాలా పెద్ద కాలం. ఆ ఇరవై ఏళ్లలో మా ఊరి కుర్రాళ్లు కొడవలి పట్టుకుని ఫొటోలు దిగడం నేర్చుకున్నారు.

‘విరాటపర్వం’తో నా పేచీ

వెన్నెల పక్కన నిలబడ్డందుకు వేణు ఊడుగులకు చేతులెత్తి మొక్కుతాను. ఉమ్మడి వరంగల్ జిల్లా బిడ్డ, తన ఊరి గాయాన్ని తానే తడిమి చూశాడు. అయినా ఈ సినిమాతో నాకు పేచీ ఉంది. ఇష్టపడ్డ సినిమా కాబట్టే ఉంది.

మొదటిది, అడవి మరీ అందంగా ఉంది. పచ్చటి చెట్లు, పొగమంచు, వాన, నీళ్ల మీద పడే వెలుతురు. చావు దగ్గర కూడా దృశ్యం కవిత్వంలా ఉంటుంది. చంపడం అందంగా కనిపించినప్పుడు చూసేవాడి మనసు కోపాన్ని వదిలేసి విషాదంలోకి జారుకుంటుంది. విషాదంలో నేరస్తులుండరు, విధి ఒక్కటే ఉంటుంది. సరళ చావుకు విధి కారణం కాదు. కొందరు మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయం కారణం.

రెండోది ఇంకా పెద్దది. సినిమాలో అనుమానానికి బీజం వేసేది పోలీసుల కోవర్టు కుట్ర. కోవర్టులు నిజం, ఆ కుట్రలు నిజం. దళాల్లో విషం పెట్టించిన, నిద్రలో కాల్పించిన సంఘటనలు నిజం. కానీ తప్పంతా ఆ కుట్ర మీదికి నెట్టేస్తే దళం కూడా మోసపోయిన అమాయకుల గుంపుగా మిగిలిపోతుంది. కోవర్టులు లేని ఊళ్లలో కూడా ఇన్ఫార్మర్లన్న ముద్ర వేసి ఎంతమందిని చంపారో తెలంగాణ పల్లెలకు తెలుసు. ఆర్‌ఎంపీ డాక్టర్లు, సర్పంచులు, ఫారెస్టు గార్డులు, అన్నల పని మీద ఎవరితోనో మాట్లాడిన పాలేర్లు. ప్రజాకోర్టు అన్నారు. ఆ కోర్టులో నిందితుడి తరఫున మాట్లాడే మనిషి లేడు, అప్పీలు లేదు. తెల్లవారేసరికి ఊరి చివర ఒక శవం, పక్కన ఎర్ర అక్షరాల కాగితం.

ఈ ప్రశ్నను వరంగల్ లోపలి నుంచే అడిగిన మనిషి బాలగోపాల్. ఇక్కడి ఆర్‌ఈసీలో గణితంలో పరిశోధన చేసి, కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి పౌరహక్కుల పనిలో మునిగిపోయినవాడు. పోలీసుల దెబ్బలు తిన్నవాడు. రాజ్యం చేసే హత్యను ఎంత గట్టిగా ప్రశ్నించాలో, ఉద్యమం చేసే హత్యనూ అంత గట్టిగా ప్రశ్నించాలని ఆయన వాదించాడు. ఆ విభేదంతోనే పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో కొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టాడు. సొంత మనుషులతో మాట పడ్డాడు. 2009లో చనిపోయే దాకా ఊరూరా తిరుగుతూ, చంపినవాళ్ల జెండా రంగు చూడకుండా చనిపోయినవాళ్ల ఇళ్లకు పోయి కూర్చుని, విని, రాసుకున్నాడు. వరంగల్ హింస మీద స్క్రిప్టు రాయాలనుకునేవాళ్లకు ఆయన నివేదికలకు మించిన పాఠ్యపుస్తకం లేదు. వాటిలో ఊరి పేరు, మనిషి పేరు, వయసు, ఎన్నెకరాల భూమి, ఎవరితో గొడవ, ఆ రాత్రి ఎవరు పిలిచారు అన్న వివరాలుంటాయి. ఆ వివరాల్లోంచే పాత్రలు లేచి నడుస్తాయి.

‘విరాటపర్వం’లో నందితా దాస్ వేసిన శకుంతల టీచర్, జరీనా వహాబ్ వేసిన రవన్న తల్లి, ప్రియమణి భారతక్క, ఈశ్వరీ రావు వేసిన వెన్నెల తల్లి, వీళ్ల నలుగురి వైపు కథ ఇంకొంచెం ఒరిగి ఉంటే ఎంత బాగుండేది! దళం తప్పు తెలుసుకున్న తర్వాత వెన్నెల తల్లి ముందుకు ఎవరు పోయారు, ఏం చెప్పారు, ఆమె ఏమంది? సినిమా ఆగిన చోట నా మనసులో మొదలైన ప్రశ్నలివి.

వేరే ఊళ్లు ఏం చేశాయి

బ్రెజిల్‌లో రియో డి జనీరో అందం గురించి చెప్పక్కర్లేదు. సముద్రం, కొండలు, కొండ మీద క్రీస్తు విగ్రహం. ఆ పర్యాటక పటాల్లోకి ఎక్కని పేటలో గ్యాంగుల చేతుల్లో పిల్లలు ఎలా చచ్చారో 2002లో ‘సిటీ ఆఫ్ గాడ్’ చూపించింది. ఆ పేటలోనే పెరిగిన పాలో లిన్స్ నవల దానికి ఆధారం. నటుల్లో చాలామంది అలాంటి పేటల పిల్లలే. వాళ్లకు నెలల తరబడి శిక్షణ ఇచ్చి తెర మీదికి తెచ్చారు. ఆ సినిమాలో తుపాకులు పట్టినవాళ్లు డజన్ల కొద్దీ ఉన్నారు. కథ చెప్పేది మాత్రం ఫొటోగ్రాఫర్ కావాలని కలగన్న ఒక కుర్రాడు. అతని చేతిలో ఉన్నది కెమెరా. అందుకే గ్యాంగు నాయకుల ఆర్భాటం ఎంత కళ్లు చెదిరేలా ఉన్నా, వాళ్లలా కావాలన్న కోరిక చూసేవాడికి కలగదు.

మన దగ్గరికి వస్తే, మహాశ్వేతా దేవి నవల ఆధారంగా గోవింద్ నిహలానీ 1998లో తీసిన ‘హజార్ చౌరాసీ కీ మా’ ఉంది. నక్సల్ ఉద్యమంలోకి పోయి హతమైన కొడుకు మార్చురీలో 1084వ నంబరు శవం అవుతాడు. ఆ నంబరు వెనక ఉన్న కొడుకు నిజంగా ఎవరో, తనకు తెలియకుండా ఎలా బతికాడో తల్లి వెతుక్కుంటూ పోతుంది. జయా బచ్చన్ ముఖమే ఆ సినిమా మొత్తం. తుపాకీ కాల్పులకంటే ఆ తల్లి కొడుకు స్నేహితుల ఇళ్లకు వెళ్లి అడిగే చిన్న చిన్న ప్రశ్నలు ఎక్కువ వణికిస్తాయి.

చంపబడ్డవాళ్లను గుర్తుపెట్టుకోవడం మనకు తెలియని విద్య కాదు. రెండేళ్లకోసారి మేడారంలో కోటి మందికి పైగా మొక్కేది ఎవరికి? కప్పం కట్టలేమన్న పాపానికి కాకతీయ సైన్యం మీదికొస్తే ఎదురునిలిచి ప్రాణాలిచ్చిన సమ్మక్క, సారలమ్మలకు. తల్లీ కూతుళ్లకు. ఆ యుద్ధంలో గెలిచింది ప్రతాపరుద్రుడి సైన్యమే. జనం గద్దెలు కట్టింది మాత్రం ఓడిపోయిన ఆ ఇద్దరు ఆడవాళ్లకు. బంగారమంటూ బెల్లం ఎత్తిచ్చేదీ వాళ్లకే. ఓరుగల్లు కథ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఈ జనం ఏడు వందల ఏళ్ల కిందే తేల్చుకున్నారు.

ఇప్పుడే తీయాల్సిన సినిమాలు

ఈ మాటలు ఇప్పుడు రాయడానికి ఒక కారణముంది. ఆ యుద్ధం మన కళ్ల ముందే ఆఖరి అంకానికి చేరింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో ములుగు జిల్లాకు ఆనుకుని ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉన్న కర్రెగుట్టలను వేల మంది బలగాలు చుట్టుముట్టాయి. వాజేడు, వెంకటాపురం ఊళ్లవాళ్లు హెలికాప్టర్ల మోత మధ్య మండు వేసవి గడిపారు. ఆ మే 21న నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు హతమయ్యాడు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన ఆయన చదివింది వరంగల్ ఆర్‌ఈసీలో. సూరపనేని జనార్దన్ నుంచి కేశవరావు దాకా యాభై ఏళ్ల ఆ దారి మొదలైంది ఈ ఊరి హాస్టల్ గదుల్లోనే.

ఇప్పుడిక దానిమీద సినిమాలు వరస కడతాయి. ఓటీటీలు అడుగుతాయి, నిర్మాతలు ముందుకొస్తారు. ఒకరు దళనాయకుడిని వీరుడిని చేస్తారు. ఇంకొకరు అతన్ని కాల్చిన అధికారిని వీరుడిని చేస్తారు. రెండు రకాల సినిమాలకూ టికెట్లు తెగుతాయి. కానీ ఆ కాలాన్ని కళ్లారా చూసినవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. రైలు బోగీలో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, మందుపాతరకు బలైన కానిస్టేబుల్ భార్యలు, ఎన్‌కౌంటర్‌లో పోయిన కొడుకు శవాన్ని జీపులో తెచ్చుకున్న తండ్రులు, ఇన్ఫార్మర్ ఇల్లన్న ముద్ర పడి ఊరొదిలిపోయిన కుటుంబాలు. వాళ్లు పోతే వాళ్లతో పాటే ఆ మాటలూ పోతాయి. కథల కోసం చూస్తున్న వరంగల్ కుర్ర దర్శకులకు నాది ఒకే విన్నపం. ఫోన్లో మంచి కెమెరా ఉంది. స్క్రిప్టు తర్వాత రాసుకోవచ్చు. ముందు ఆ ఇళ్లకు పోయి కూర్చోండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. తలుపు తట్టినప్పుడు మీరు ఎవరి తరఫు అని వాళ్లు అడుగుతారు. ఇక్కడ అందరూ అదే అడుగుతారు. దానికి జవాబు సిద్ధం చేసుకుని పోండి.